గోడ మీద సోనుబాయి

సరిహద్దు ఊరు సిరొంచలో ఆదయ్య చేతిరాత కనబడని సందు ఒకప్పుడు ఉండేది కాదు. కిరాణా కొట్ల బోర్డులు, లారీల వెనక పిల్లల పేర్లు, ఎన్నికలొస్తే గోడల మీద గుర్తులు, అన్నీ ఆయన రాసినవే. పైన మరాఠీ, కింద తెలుగు. మరాఠీ బడిలో నేర్చుకున్నాడు. తెలుగు ఇంట్లో మాట్లాడే భాషే గానీ, దాని అక్షరాలు మాత్రం గోదావరి అవతల నుంచి వచ్చే బస్సుల బోర్డులు చూసి ఒక్కొక్కటే కూడబలుక్కున్నాడు. తండ్రి రాజం పరాయి పొలాలకు కూలికి పోయిన మనిషి. కొడుకు నిచ్చెనెక్కి రంగులేస్తుంటే కింద నిలబడి, దారిన పోయేవాళ్ళను ఆపి మరీ చూపించేవాడు. చదవడం ఆయనకు రాదు. అయినా కొడుకు రాసిన బోర్డు కింద కాసేపు నిలబడకుండా ఇంటికి పోయేవాడు కాదు.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. పొద్దున చెప్తే సాయంత్రానికి ఫొటోతో సహా బోర్డు చేతికొస్తుంటే కుంచె పట్టినవాణ్ణి ఎవరు పిలుస్తారు? తోటి పెయింటర్లు కొందరు మంచిర్యాల పోయారు, కొందరు మేస్త్రీ పనిలో కలిశారు. ఆదయ్యను బడి గోడలు నిలబెట్టాయి. పిల్లలు చూసి నేర్చుకుంటారని బడి గోడలకు బొమ్మలు వేయించడం మొదలైంది. పండ్లు, జంతువులు, దేశ పటాలు, నాయకుల ముఖాలు. అహేరి నుంచి సిరొంచ దాకా అడివి లోపలి బడుల్లో ఆయన వేసిన ఏనుగులు ఇంకా ఉన్నాయి. నలభై దాటాక మళ్ళీ పేరొచ్చింది. ఆ పేరంటే ఆయనకు మహా ఇష్టం. బొమ్మ చూసి ఎవరైనా "అచ్చం గట్లనే ఉన్నది" అంటే చాలు, ఆ పూట అన్నం దొరక్కపోయినా ఆకలి తెలిసేది కాదు.

ఎర్రగూడ పని ఆ పేరు మీదే వచ్చింది. రేగుంట దాటాక టేకు చెట్ల మధ్య దారి చీలుతుంది. ఆ చీలిన దారి చివర గోండుల గూడెం ఎర్రగూడ. అక్కడి బడికి సునీల్ అనే కుర్ర హెడ్‌మాస్టర్ కొత్తగా వచ్చాడు. నాగేపల్లి మనిషి. ఏదైనా కొత్తగా చేసి చూపించాలన్న తపన ఉన్నవాడు. జనవరి జెండా పండగకు పై అధికారులు వస్తున్నారని, ఆ లోపు ప్రహరీ గోడంతా బొమ్మలతో నిండాలని ఆదయ్యను పిలిపించాడు. మరాఠీలో అన్నను పిలిచినట్టు ఆయన్ను భావూ అనేవాడు.

"ఆదయ్య భావూ, ఏనుగులు గుర్రాలు వద్దు. నదులు వేద్దాం. దునియాల ఉన్న పెద్ద పెద్ద నదులు. ఒక్కొక్క నది పక్కన ఆ నదితోని సంబంధమున్న గొప్ప మనిషి. మన పోరలు ప్రాణహిత తప్ప ఇంకో నదిని చూడలే. అన్ని నదుల పొంటి మనుషులు ఉన్నరని తెలవాలె గదా."

ఆదయ్యకు ఆ ఆలోచన తెగ నచ్చింది. గోడ పొడుగునా నీలం రంగు పాయలు గీశాడు. నైలు పక్కన క్లియోపాత్రా, విస్తులా పక్కన మేరీ క్యూరీ. ఓనన్ నది దగ్గర గుర్రం మీద చెంఘిజ్ ఖాన్. మిసిసిపీ మీద పడవలో సరుకు తోలే పడుచు లింకన్. అంతరిక్షం నుంచి వచ్చి వోల్గా దగ్గర నేల మీద దిగిన గగారిన్. నర్మద మెట్ల మీద మహేశ్వరం రాణి అహల్యాబాయి. ఫోన్లో దొరికిన బొమ్మలు చూసి దించుతుంటే పిల్లలు చుట్టూ మూగేవాళ్ళు. నైలు కింది నుంచి పైకి ఎట్లా పారుతుందని ఒకటే అడగడం. "ఆ దేశంల పల్లం అటు దిక్కున్నది" అని చెప్పి ఆదయ్య తానే ఆశ్చర్యపోయేవాడు.

బడి గేటుకు ఎదురుగా ఉన్న ఇల్లు సోనుబాయిది. అరవైకి దగ్గరపడిన మనిషి. భర్త పోయాడు, కూతురు దీపాలి అల్లపల్లిలో కాపురం ఉంటోంది. సోనుబాయి అడివి నుంచి చీపురు గడ్డి కోసుకొచ్చి, ఇంటి ముందు ఎండలో కూచుని చీపుర్లు కట్టేది. ఎండలో నిచ్చెన మీద ఉన్న ఆదయ్యను చూసి, "దిగు తమ్మీ, కడుపుల ఏమన్న పడాలె గదా" అని పిలిచి జొన్న జావ పోసింది. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం ఆయన ఆమె అరుగు మీదే కూచునేవాడు. ఇంట్లో గోండి మాట్లాడే మనిషి, ఆయనతో తెలుగులో తన పొలం సంగతి, మొన్నటి పెద్ద వరదలో కొట్టుకుపోయిన మేకల సంగతి చెప్పేది.

గోడ చివర చోటు ప్రాణహితకు మిగిలింది. దాని పక్కన ఎవరు? సునీల్ ముందే అనుకొని పెట్టుకున్నాడు.

"రాణీ హిరాయి. చాందా గోండు రాణి. మొగడు పోయినంక రాజ్యం నడిపింది, ఆయనకు సమాధి కట్టించింది. చాందా పక్క పారే ఇరయి నీళ్ళు వర్ధాల కలుస్తయి. వర్ధా, వైన్‌గంగ కలిస్తే మన ప్రాణహిత. అంటే ఆమె ఊరి నీళ్ళే మన దగ్గరికి వస్తున్నయి. పోరలకు ఈమెనే ముఖ్యం. అసలు పటం చూసి వెయ్యి భావూ, ఉత్తుత్తి ముఖం పెట్టకు."

ఆదయ్య ఫోనంతా వెతికాడు. ఒక బొమ్మకు ఇంకో బొమ్మకు పోలిక లేదు. అన్నీ ఎవరికి తోచినట్టు వాళ్ళు వేసినవే అని ఆయన కంటికి తెలిసిపోతోంది. దొరకలేదు గురుజీ అంటే అయిపోయేది. ఆ మాట అనడం ఆయనకు చేతకాలేదు. గగారిన్‌ను, క్యూరీని దించినవాడు సొంత నది దగ్గరికొచ్చి చేతులెత్తేస్తే నలుగురూ ఏమనుకుంటారు?

ఆ మధ్యాహ్నం సోనుబాయి చీపురు కడుతూ తల వంచి కూచుంది. ఎండ చెంప మీద ఏటవాలుగా పడుతోంది. నుదుటి మీద పచ్చబొట్టు, గడ్డం మీద పుట్టుమచ్చ, గట్టిగా బిగించిన పెదవులు. రాణి అంటే ఇట్లా ఉంటుంది అనిపించింది ఆదయ్యకు. ఫోను పైకెత్తి అటూ ఇటూ తిప్పి, ఒక ఫొటో తీశాడు.

"ఏం చూస్తున్నవ్ తమ్మీ?"

"సిగ్నల్ వస్తలేదక్కా."

ఆ మాట అంత తేలిగ్గా ఎట్లా వచ్చిందో ఆయనకు తర్వాత చాలాకాలం అర్థం కాలేదు.

గోడకు అడ్డంగా గోనెపట్టా కట్టి లోపల బొమ్మ వేశాడు. పండగనాడే తీద్దామంటే సునీల్ సంబరపడ్డాడు. ఆదయ్య ఆ ముఖానికి వయసు తగ్గించాడు, తలకు కిరీటం, మెడలో నగలు పెట్టాడు. పచ్చబొట్టు, పుట్టుమచ్చ తీసేసి చూస్తే ముఖంలో జీవం పోయింది. మళ్ళీ పెట్టాడు. పటం ఎక్కడిదని సునీల్ అడిగితే, "చాందాల మా సడ్డకుడు ఉన్నడు. ఆడ పాత పటం ఉంటే ఫొటో తీసి పంపిండు" అన్నాడు.

పండగ రోజు గూడెమంతా బడికి వచ్చింది. జెండా ఎగిరింది. గోడ మీది గొప్పవాళ్ళందరికీ బంతిపూల దండలు వేశారు, ఊదుబత్తులు వెలిగించారు. సునీల్ మైకులో ఒక్కొక్క నది గురించి చెప్పుకుంటూ వచ్చి, చివర్న, "ఇది మన రాణి అసలు రూపం. చాందా నుంచి తెప్పించినం" అని పట్టా లాగాడు.

జనం మెడలు చాచి చూశారు. ఆ తర్వాత ఆడవాళ్ళ గుంపులో ఒకామె గోండిలో ఏదో అని కిసుక్కున నవ్వింది. నవ్వు పక్కవాళ్ళకు పాకింది. సోనుబాయి పేరు ఆ నోటా ఈ నోటా వినబడుతోంది. వాళ్ళేమంటున్నారని అధికారి అడిగితే, గోండి సరిగా రాని సునీల్, సంతోషపడుతున్నారు సార్ అన్నాడు. పిల్లలు బొమ్మకు దండ వేశారు. ఊదుబత్తి గుచ్చారు.

సోనుబాయి ఉతికిన చీర కట్టుకొని వెనక వరసలో నిలబడి ఉంది. బొమ్మను చూసింది. చెయ్యి తనంతట తానే నుదుటి దగ్గరికి పోయి పచ్చబొట్టును తడుముకుంది. గూడెం పెద్దమనిషి పాండు పక్కనే ఉన్నాడు. "బతికున్న మనిషికి దండ ఏసిన్రు" అన్నాడు మెల్లగా. చుట్టుపక్కల నవ్వు ఆగిపోయింది. సోనుబాయి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొని గేటు దాటి వెళ్ళిపోయింది.

ఆదయ్య గేటు వైపే చూస్తున్నాడు. అధికారి ఆయన పేరు పిలిచాడు. ఇంత మంచి కళాకారుడు మన తాలూకాలో ఉండటం గర్వం అని శాలువా కప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గూడెం వాళ్ళు కొట్టలేదు. ఆదయ్య తల వంచుకుని నిలబడ్డాడు. ఎంత వినయం, అన్నాడు అధికారి.

ఇంటికి రాగానే భార్య నర్సక్క శాలువా తీసుకొని, మడత విప్పి చూసుకొని మురిసింది. అన్నం పెడితే ఆయన కలిపి కలిపి వదిలేశాడు.

"ఏమైంది? తింటలేవేంది?"

ఆదయ్య మొత్తం చెప్పాడు. నర్సక్క శాలువాను ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది.

"ఆమె చేతి జావ తాగినవ్. అన్ని రోజులు ఆమె అరుగు మీద కూసున్నవ్. అక్కా, నీ ముఖం వేసుకుంట అని ఒక్క మాట అడగనీకి నోరు రాలేదా?"

"అడిగితే వద్దంటదని."

అనేశాక ఆ మాట తన చెవులకే వినబడి ఆదయ్య ఆగిపోయాడు. అప్పటిదాకా అడగడం తోచలేదనే తనకు తాను చెప్పుకుంటున్నాడు. తోచింది. అందుకే అడగలేదు. నర్సక్క కంచం తీసుకొని లోపలికి పోయింది. అదే ఆయనకు తిట్టిన దానికంటే ఎక్కువగా తగిలింది.

మర్నాడు తెల్ల రంగు డబ్బా పట్టుకొని ఎర్రగూడ పోయాడు. ఎవరూ చూడకముందే ముఖం తుడిచేసి, తర్వాత సోనుబాయి కాళ్ళు పట్టుకోవాలని ఆయన ఆలోచన. ఆమె ఇంటికి గడియ వేసి ఉంది. పాండు చెప్పాడు, "బిడ్డ దగ్గరికి అల్లపల్లి పోయింది. ఒగడు రాణీ అని దండం పెట్టె. ఒగ చిన్నపోరి నువ్వు సచ్చిపోయినవా అవ్వా అని అడిగె. ఎట్ల ఉంటది మరి?"

ఆదయ్య బడిలోకి పోయి సునీల్‌కు నిజం చెప్పాడు. సునీల్ కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూచున్నాడు.

"నేను మైకుల చెప్పిన గదా. పిల్లల ముందట అసలు రూపం అని చెప్పిన." చాలాసేపు కిటికీలోంచి గోడకేసి చూశాడు. "నువ్వు చెప్పినవ్, నేను జర గూడ అడిగి చూడలే. నాకూ గదే కావాలె గద అప్పుడు."

ఆదయ్య డబ్బా మూత తీయబోతే వద్దన్నాడు.

"ఆమె ముఖం అది. అడగకుండ వేసినవ్. తుడుచుడు గూడ అడగకుండనే తుడుస్తవా?"

దండ మాత్రం సునీల్ తన చేత్తో తీసేశాడు.

ఆదయ్య అల్లపల్లి బస్సెక్కాడు. కలప డిపో వెనక సందులో దీపాలి ఇల్లు. సోనుబాయి వాకిట్లో మనవరాలికి జడ వేస్తోంది. ఆయన్ను చూసి జడ వేయడం ఆపలేదు. ఆదయ్య కాళ్ళ మీదికి వంగబోతే కాళ్ళు వెనక్కు లాక్కుంది.

"నాకు కాళ్ళు మొక్కకు. నేనేం రాణిని గాదు."

"తప్పైందక్కా. నీ ముఖంల ఆ రాణి కండ్లబడ్డది నాకు. గౌరవంతోనే..."

"గౌరవమైతే సిగ్నల్ అని ఎందుకు చెప్పినవ్?"

పిల్ల తల తిప్పి ఆయన్ను చూడబోతే సోనుబాయి మళ్ళీ ముందుకు తిప్పింది.

"మా ఆయన పోయినంక ఆ ఇంట్ల ఒక్కదాన్నే బతికిన. ఎవరి నోట్ల పడలే. గిప్పుడు గూడెం గూడెమంత నన్ను చూసి నవ్వింది. దండేసి, ఊదుబత్తి పెట్టి, సచ్చినోళ్ళ వరుసల నిలబెట్టినవ్. నువ్వు ఫొటో తీసిన నాడు నీకు నేను జావ పోసిన, తమ్మీ."

బొమ్మ బాగుంది, ఉండనీ అని ఆమె అంటుందేమోనన్న ఆశ మనసులో ఏదో మూల ఆయనకు ఉండింది. ఆ సంగతి అప్పుడే తెలిసింది. దాంతో ఇంకా సిగ్గేసింది.

"ఏం చెయ్యమంటవక్కా?"

"తుడువు. సప్పుడు చెయ్యకుండ గాదు, అందరున్నప్పుడు తుడువు. ఎందుకు తుడుస్తున్నవో నోటితోని చెప్పు. అప్పుడు నేను మా ఇంటికి వస్త."

బడి ప్రార్థన వేళ పెట్టుకున్నారు. పిల్లలు వరసల్లో నిలబడ్డారు, గూడెం వాళ్ళు గోడ పొడుగునా చేరారు. సోనుబాయి కూతురితో వచ్చి గేటు దగ్గర రాయి మీద కూచుంది. ఆదయ్య గోడ ముందుకొచ్చి నిలబడ్డాడు. సునీల్ మైకు ఇవ్వబోతే వద్దన్నాడు.

"ఇది రాణి ముఖం గాదు. రాణి ముఖం ఎట్లుంటదో నాకు తెల్వది. ఇది సోనుబాయక్క ముఖం. ఆమెకు చెప్పకుండ దొంగతనంగ తీసుకున్న. చాందా నుంచి తెచ్చిన అని గురుజీకి అబద్ధం చెప్పిన. తప్పు నాది."

పాండు ఆ మాటల్ని గోండిలో ముసలివాళ్ళకు చెప్పాడు. తన తప్పు ఇంకో భాషలో మళ్ళీ మొదటి నుంచి వినబడుతుంటే ఆదయ్య కుంచె పట్టుకుని నిలబడ్డాడు. అర్థం కాని మాటల మధ్య తన పేరు, సోనుబాయి పేరు తెలుస్తూనే ఉన్నాయి.

తెల్ల రంగు పూశాడు. నగలు పోయాయి, కిరీటం పోయింది. కళ్ళు పోలేదు. తెలుపు వెనక నుంచి పచ్చబొట్టూ, రెండు కళ్ళూ మసగ్గా చూస్తూనే ఉన్నాయి. రెండో పూత వేయాలంటే మొదటిది ఆరాలి. మంచి రంగు కొట్టినందుకు ఎప్పుడూ గర్వపడే మనిషి, ఆ రంగు పోనందుకు ఎండలో అందరి ముందూ ఆరేదాకా నిలబడాల్సి వచ్చింది. వెళ్ళిపోతారేమో అని చూశాడు. ఎవరూ వెళ్ళలేదు. పిల్లలను కూడా సునీల్ లోపలికి పంపలేదు. చెమట కళ్ళలోకి దిగుతుంటే భుజంతో తుడుచుకున్నాడు.

పూత ఆరుతుండగా సోనుబాయే సునీల్‌ను అడిగింది, "ఇంతకు ఆ రాణి ఏం చేసిందయ్యా? గా ముచ్చట ఎవ్వలు చెప్పరైతిరి."

సునీల్ తనకు తెలిసింది చెప్పాడు. మొగడు పోయినాక రాజ్యం నడిపిన సంగతి, సమాధి సంగతి. అది చాలా కొంచెం. చెప్పడం అయిపోయాక, ఇంత కన్నా నాకూ తెలవదు, చదివి చెప్తా అన్నాడు. సోనుబాయి తలూపింది. నవ్వలేదు.

రెండో పూతకు కళ్ళు పోయాయి. సోనుబాయి లేచి, గోడ దగ్గరికొచ్చి, అక్కడ ఏమీ లేదని చూసుకొని, తన ఇంటి గడియ తీసుకుంది. ఆ మధ్యాహ్నం ఆమె ఆదయ్యను పిలవలేదు. ఆయన బడి బయట చెట్టు కింద కూచుని సద్ది తిని, సాయంత్రానికి ఆ తెల్లటి చోటులో రాణి పేరు రాశాడు. దాని కింద, ఈమె ముఖం ఎలా ఉండేదో మనకు తెలియదు అని సునీల్ చెప్పినట్టు మరాఠీలో, తెలుగులో రాశాడు.

కబురు అన్ని ఊళ్ళకూ పోయింది. తర్వాత రావలసిన రెండు బడుల పని అహేరి పెయింటర్‌కు పోయింది. సంతలో ఎవరో వెనక నుంచి "ఫొటో తీస్తడు, జర పైలం" అన్నారు. ఆదయ్య వెనక్కు తిరగలేదు. దుకాణాల షట్టర్లకు రంగులేసుకుంటూ, మధ్యలో లారీ నంబర్లు రాసుకుంటూ ఆ ఏడు వెళ్ళదీశాడు. శాలువాను నర్సక్క ట్రంకుపెట్టె అడుగున పెట్టింది. ఇద్దరిలో ఎవరూ దాని ఊసెత్తలేదు. రేగుంట వైపు బస్సులో పోవాల్సి వస్తే, ఎర్రగూడ దారి చీలే చోట ఆయన అవతలి కిటికీలోంచి చూసేవాడు.

వానలు తగ్గాక ఒకరోజు అదే చోట బస్సు ఆగింది. చీపుర్ల మోపుతో సోనుబాయి ఎక్కింది. బస్సు నిండా జనం. ఆదయ్య తల తిప్పేసి బయట టేకు చెట్లను చూస్తూ కూచున్నాడు. ఆమె వచ్చి ఆయన పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడింది.

"ఏం తమ్మీ, నేను కనబడ్తలేనా? అప్పుడైతే బాగనే చూసినవ్."

ముందు సీట్లవాళ్ళు వెనక్కు తిరిగారు. ఆదయ్య చెవులు ఎర్రబడ్డాయి. లేచి సీటిచ్చాడు. ఆమె కూచుని మోపు కాళ్ళ దగ్గర పెట్టుకుంది. కొంత దూరం పోయాక, దీపాలి మళ్ళీ నీళ్ళోసుకుందని, సిరొంచలో చీపుర్లు అమ్ముడయ్యాక అటే పోతానని చెప్పింది. గురుజీ ఇంటికొచ్చి రాణి గురించి ఏదో చదివి వినిపించాడని, సగం అర్థమైందని, సగం కాలేదని చెప్పింది. ఆదయ్య ఊ కొడుతూ నిలబడ్డాడు. మాట్లాడాలని ఉంది. ఏ మాట తీసినా అది క్షమించమని అడిగినట్టే ఉంటుందేమోనని ఊరుకున్నాడు.

సిరొంచలో బస్సు ఆగింది. ఆయన మోపు దించి సంత దాకా మోస్తానన్నాడు.

"ఎందుకు, నాకు చేతులు లేవా?" అని సోనుబాయి మోపు తలకెత్తుకుంది. నాలుగడుగులు వేసి ఆగి, "మీ ఇంటామెకు చీపురు కావాల్నంటే సంతకు రమ్మను" అని చెప్పి జనంలో కలిసిపోయింది.

ఆదయ్య ఆ మాట నర్సక్కకు చెప్పాడు. నర్సక్క కొంగు సర్దుకొని అప్పటికప్పుడే బయలుదేరింది. నువ్వు కూడా రారాదా అంటే, ఆయన వెళ్ళలేదు. షట్టర్ పని మిగిలి ఉందన్నాడు.